దిగుడులో తిప్పిన తాళం

హోసూరు మిట్ట మీద ఫ్యాక్టరీలు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్న కాలంలో, కింద కృష్ణగిరిలో మేము చింతపండు అమ్ముకుంటూ ఉండేవాళ్ళం. రెండు ఊళ్ళకూ మధ్య గంటన్నర బస్సు ప్రయాణం. నాకు మాత్రం అది ఈ జన్మకూ వచ్చే జన్మకూ మధ్య ఉన్నంత దూరంగా కనిపించేది. అక్కడ నా ఈడువాళ్ళు నీలం చొక్కాలు వేసుకొని, సైరన్ కూస్తే లోపలికి పోయి, మళ్ళీ కూస్తే బయటికి వచ్చి, బతుకంటే ఇదీ అన్నట్టు తిరిగేవాళ్ళు. ఇక్కడ నేను పొద్దున ఆరింటికి మండీ తలుపులు తీసి, నిన్నటి పులుపు వాసన ముక్కులోంచి పోకముందే ఇవాళ్టిది ఎక్కించుకొని, మధ్యాహ్నం దాకా తక్కెడ పక్కన కూర్చునేవాణ్ణి. నా చొక్కాలు పులుపు, నా తల పులుపు, చివరికి నా పరీక్ష హాల్ టిక్కెట్టు కూడా పులుపు వాసన కొట్టేది. (ఆ పరీక్ష తప్పడానికి కారణం వాసన కాదు. అది వేరే కథ, దీనికంటే దిగులు కథ.) ఇరవై మూడేళ్ళ వయసులో నాకున్న ఆశ ఒక్కటే, ఎట్లాగైనా ఆ మండీలోంచి బయటపడడం. బయటపడే దారి ఏదైనా నాకు అభ్యంతరం లేదు. ఆ దారి కారు పందెం రూపంలో వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మాకు ఒక నల్ల అంబాసిడర్ ఉండేది. కారున్న ఇల్లంటే ఏదో జమీందారీ అనుకునేరు. ఒక మామిడితోట ఆసామి తాను కొత్త కారు కొనుక్కున్నప్పుడు వదిలించుకున్న బండి అది. వెనుక సీటు పీకేసి నాయన దాన్ని బస్తాలు మోసే బండిగా మార్చాడు. నాయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకోవడానికి ధైర్యమూ చాలలేదు. అందుకని నాకు పద్దెనిమిది నిండగానే స్టీరింగు నా చేతిలో పెట్టి, తాను పక్కన కూర్చొని, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకొని, రాని విద్యను నాకు నేర్పడం మొదలుపెట్టాడు. గేర్లు ఎలా వేయాలో, మలుపులో ఏం చేయాలో ఆయన చెప్పలేదు. అవి నేను బండిని అడిగే తెలుసుకున్నాను. ఆయన నేర్పిందల్లా ఒకే ఒక్క పాఠం. దిగుడు వస్తే ఇంజన్ ఆపాలి.

"దిగుడు దేవుడిచ్చినది. దానికి మళ్ళా పెట్రోలు పోసేది ఎందుకప్పా?" అనేవాడు. ఇది నాయన సిద్ధాంతం. మా వైపు వ్యాపారస్తుల్లో చాలామందిది అదే సిద్ధాంతం, కానీ నాయన దాన్ని ఒక మతంగా పాటించేవాడు. శూలగిరి దాటాక వచ్చే పెద్ద దిగుడు మొదలుకొని, కాలవ మీది వంతెనకు ముందుండే జానెడు దిగుడు వరకు, ఏ మిట్ట తర్వాత ఎంత పల్లం ఉందో, బండి ఎక్కడిదాకా ఊరికే పోతుందో ఆయనకు నోటికి వచ్చు. మిట్ట మీదికి రాగానే తొడ మీద అరచేత్తో ఒక్కటి చరిచేవాడు. అంతే, నేను గేరు తీసి తాళం తిప్పాలి. ఇంజన్ చప్పుడు ఆగిపోయేది, బండి గాలి చప్పుడుతో దిగేది, నాయన కళ్ళు మూసుకొని గుళ్ళో కూర్చున్నట్టు కూర్చునేవాడు. పల్లం అయిపోయే చోట మళ్ళీ తాళం తిప్పి, రెండో గేరు వేసి క్లచ్చి వదిలితే, ఉన్న ఊపుకే ఇంజన్ లేచేది. (ఇప్పటి కార్లలో ఈ పని చేస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది. నా మాట విని ఎవరూ చేయకండి. అప్పట్లో కూడా చేయకుండా ఉండాల్సిందే.) ఈ పద్ధతి వల్ల బ్యాటరీతో అవసరమే లేదని నాయన కనిపెట్టాడు. అందువల్ల అది ముసలిదై మూలిగినా మార్చలేదు. మండీ ముందు కూడా బండిని వాలులోనే నిలబెట్టేవాళ్ళం. అయిదేళ్ళు అట్లా నడిపేసరికి తొడ మీద చరుపు కూడా అవసరం లేకుండా పోయింది. మిట్ట కనిపిస్తే నా చెయ్యి తనంతట తానే తాళం దగ్గరికి పోయేది, ముక్కు మీద ఈగ వాలితే పోయినట్టు.

బండికి ఏ జబ్బు చేసినా తీసుకుపోయేది పెద్ద రోడ్డు పక్కన రేకుల షెడ్డు పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి. ఊరంతా ఆయన్ని స్పానరు మామ అనేవాళ్ళు. నాకు ఏ వరసా కాకపోయినా నన్ను అల్లుడా అని పిలిచేవాడు. (ఆయనకు కూతుళ్ళు లేరు కాబట్టి ఆ పిలుపులో ప్రమాదం లేదు.) ఒకసారి నేను క్లచ్చి సంగతి చూపించడానికి పోయేసరికి, అక్కడ ఒక తెల్ల ఫియట్ నిలబడి ఉంది. తలుపుల మీద నల్ల రంగుతో పెద్ద అంకె, లోపల ఇనుప కమ్ములతో పంజరం. దాని పక్కన కుర్చీలో రెండు చేతులతో మీసం దువ్వుకుంటూ ఒక పెద్దమనిషి. హోసూరులో బళ్ళు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, తయారైన ప్రతి బండినీ నడిపి చూసే విభాగానికి ఆయన పెద్ద. సెలవు రోజుల్లో మట్టిలో కార్ల పందేలు జరిపిస్తాడట. మా మామ ఆయన్ని సారు అన్నాడు, నేను మనసులో మీసాల సారు అని పేరు పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం మామ ఫియట్ కింద పడుకొని ఉండగా నేను నట్లు అందిస్తూ, సారు చెప్పే ముచ్చట్లు నోరు తెరుచుకొని విన్నాను. ఆటోక్రాస్ అంటారట. మట్టి మైదానంలో జెండాలు నాటుతారు. ఒక్కోసారి ఒక్కటే బండి. జెండాల మధ్య వంకరటింకరగా, ఒక్క జెండా పడకుండా, ఎంత తొందరగా బయటపడతావో గడియారం పట్టుకొని చూస్తారు. ఎవరినీ గుద్దేది లేదు, ఎవరినీ దాటేది లేదు. నీకూ గడియారానికీ మధ్య పోటీ. మొదటిసారి వచ్చేవాళ్ళకు వేరే వరస ఉంటుంది, ఏ బండి తెచ్చుకున్నా సరే. అప్పుడు మామ ఫియట్ కిందనుంచే అన్నాడు, "మా అల్లుడు కూడా బాగా తోల్తాడు సార్. బస్తాలేసుకొని ఘాట్‌లో పోతా ఉంటే చూడల్ల మీరు."

సారు నన్ను పై నుంచి కిందికి చూశాడు. ముక్కు కూడా ఒకసారి ఎగబీల్చాడు, చింతపండు తెలిసినట్టుంది. "మాకు బండ్లు నడిపి చూసే పిలగాండ్లు కావల్ల. సర్టిఫికెట్లు నాకు వద్దు. వచ్చే నెల హోసూరులో పోటీ ఉండాది, వచ్చి నడుపు. నేను చూస్తాను. జెండా పడకుండా, బండి ఆపకుండా చివరిదాకా వస్తే, మరుసటి దినమే వచ్చి నన్ను కలువు," అన్నాడు. ఎంత చిన్న మాట. నా బతుకులో అంతకుముందు ఎవరూ నాకు చెప్పని మాట. నేను ఆ రాత్రి నీలం చొక్కా కొలతలు కూడా ఆలోచించాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అనలేదు పెద్దలు.

నెల రోజులు సాధన చేశాను. ఎక్కడ అంటారా, చింతపండు ఎండబెట్టే మా కళ్ళంలో. ఊరి బయట, పలక పరిచినట్టు చదునుగా ఉండే నేల అది. పనివాళ్ళు రాకముందే పోయి, ఖాళీ వెదురు తట్టలు బోర్లించి జెండాల వరసలో పెట్టేవాణ్ణి. మొదటి వారం తట్టలు అప్పడాల్లా అయ్యాయి. పనికి వచ్చే అమ్మలు నడుముకు చేతులు పెట్టుకొని చూసి, "ఏమప్పా, బండికి కండ్లు పోయినాయా, నీకు పోయినాయా?" అని అడిగేవాళ్ళు. రెండో వారం సగం తట్టలు బతికాయి. నాలుగో వారానికి ఒక్క తట్టా కదలకుండా, అంబాసిడర్ తోక అటూ ఇటూ ఊగుతుండగా, దుమ్ము లేపుకుంటూ పోవడం వచ్చేసింది. అమ్మలు పని ఆపి చూసేవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె, "చూసేకి బాగుండాది, కానీ దీంతో ఏం లాభం?" అంది. మా ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగింది. నేను తట్టలు ఏరుకున్నాను. కళ్ళం చదునుగా ఉందన్న సంగతిని కూడా నేను గానీ మామ గానీ గమనించలేదు. గమనించి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు, ఏ ఫ్యాక్టరీ నుంచో పింఛను తీసుకుంటూ ఉండేవాణ్ణి.

పోటీ పెట్టిన రోజే మా వైపు పోచంపల్లి సంత. నాయన బతుకులో సంత తప్పిన వారం లేదు. జ్వరంలో పోయాడు, వానలో పోయాడు, మా తాత పోయిన వారం కూడా దినాలు కాకముందే పోయి అందరిచేతా తిట్లు తిన్నాడు. ఆయన్ని సంతకు తీసుకుపోవడమే బండికీ నాకూ ఉన్న ముఖ్యమైన పని. కాబట్టి ముందురోజు నేను ముఖం దిగులుగా పెట్టుకొని (అది నా మామూలు ముఖమే, శ్రమ పడలేదు) అబద్ధం చెప్పాను.

"నాయనా, ఇంజన్‌లో ఏదో శబ్దం వస్తా ఉండాది. హోసూరులో చూపించల్లంట. స్పానరు మామ కూడా వస్తానన్నాడు."

నాయన తక్కెడ మీదినుంచి కళ్ళెత్తలేదు. "సంతకో?"

"ఈ ఒక్క వారం లారీలో పోతావా?"

తక్కెడలో రాళ్ళు తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "సరే, పో. పైకి పొయ్యేటప్పుడు శబ్దం వస్తే వస్తుంది. వచ్చేటప్పుడు అంతా దిగుడే కదా," అన్నాడు. నమ్మినవాణ్ణి మోసం చేయడం ఎంత సులువో ఆ రోజే తెలిసింది, ఆ సులువు బాగా అనిపించలేదు. అయినా పోయాను.

ఆదివారం పొద్దున మబ్బు పట్టి ఉంది. హోసూరు చేరేసరికి తుంపర. ఫ్యాక్టరీలకోసం చదును చేసి, ఇంకా ఎవరూ కట్టని ఎర్రమట్టి నేల. అక్కడొక డేరా, ఒక మైకు, తాళ్ళు కట్టి జనాన్ని ఆపిన గట్టు. బెంగుళూరునుంచి వచ్చిన కార్లు రంగురంగులుగా ఉన్నాయి, వాటిని నడిపేవాళ్ళు ఇంగ్లీషులో నవ్వుతున్నారు. మా నల్ల అంబాసిడర్ వాటి మధ్య చావింటికి వచ్చిన చుట్టంలా నిలబడింది. మామ దాని తలుపుకు సున్నంతో అంకె వేశాడు. ఆ తుంపరకు అంకె కారిపోతూ ఉంటే మళ్ళీ మళ్ళీ వేశాడు. మధ్యాహ్నం దాటాక కొత్తవాళ్ళ వరస వచ్చింది. ముందు అందరినీ నడిపించి దారి చూపించారు. మొదట తిన్నని దారి, తర్వాత తొమ్మిది జెండాల వంకరలు, తర్వాత మట్టి పోసిన ఒక మిట్ట, మిట్ట దిగగానే కుడికి మలుపు, అక్కడ వదులు ఇసుక, దాని తర్వాత ముగింపు గీత. నేను జెండాలు లెక్కపెట్టుకున్నాను, ఇసుకను కాలితో తన్ని చూశాను, మలుపు దగ్గర ఎంత తిప్పాలో చేతులతో గాలిలో తిప్పి చూసుకున్నాను. మిట్ట మీద నిలబడి కిందికి కూడా చూశాను. నడిచి వచ్చినవాడికి అది మట్టిదిబ్బే, దిగుడు కాదు. నాకు ఏమీ తోచలేదు.

నా వంతు వచ్చింది. మామ, ఇద్దరు ఎవరో కలిసి తోస్తే ఇంజన్ లేచింది. గీత దగ్గర నిలబెట్టుకొని గుర్రుమనిపిస్తూ ఉన్నాను. జెండా దిగింది. ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ ఒక్కొక్కటిగా గుర్తుంది. తిన్నని దారిలో బండి పోయిన వేగానికి నాకే భయమేసింది. మొదటి జెండా, రెండో జెండా, మూడు. అవి నాకు జెండాలుగా కనిపించలేదు, తట్టలుగా కనిపించాయి. బండి తోక ఎప్పుడు ఊగుతుందో ఎప్పుడు నిలుస్తుందో నడుముకు తెలిసిపోతూ ఉంది. తొమ్మిదో జెండా దాటేసరికి గట్టు మీద జనం అరుస్తున్నారు. మైకులో నా అంకె రెండుసార్లు చెప్పారు. నా జీవితంలో నేను ఏదైనా బాగా చేశానూ అంటే ఆ తొమ్మిది జెండాలే. ఇంకేం, మిట్ట ఎక్కాను. అంతా అయిపోయింది, ఉద్యోగం వచ్చేసింది అనుకున్నాను.

మిట్ట మీదికి రాగానే హాయిగా అనిపించింది. మోత లేదు, చల్లటి గాలి. దిగువన ఎవరో గొర్రెలు తోలుకుపోతూ ఉంటే వాటి మెడలో గంట కూడా వినిపించింది. పందెంలో గొర్రె గంట వినిపించడమేమిటని అప్పుడు తోచింది నాకు. చూస్తే గేరు తీసి ఉంది. తాళం తిప్పి ఉంది. నా చెయ్యి పని ముగించుకొని బుద్ధిగా స్టీరింగు మీదికి తిరిగి వచ్చి కూర్చుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, అయిదేళ్ళు కష్టపడి నేర్చుకున్నది.

తాళం మళ్ళీ తిప్పి, రెండో గేరు వేసి, క్లచ్చి వదిలాను. గట్టి రోడ్డయితే లేచేదే. ఇసుకలో చక్రాలు తిరగలేదు, బిగుసుకొని గీసుకుంటూ పోయాయి. బండి ఒక్క కుదుపు కుదిపి, మలుపు మొదట్లో, ముగింపు గీత కళ్ళకు కనిపిస్తూ ఉండగా ఆగిపోయింది. స్టార్టరు బొత్తాం నొక్కాను. టక్కుమంది. మళ్ళీ నొక్కాను. ఆ టక్కు కూడా చిన్నబోయింది. గట్టు మీద అరుపులు ఆగిపోయి, తర్వాత నవ్వులు మొదలయ్యాయి. మైకులో ఉన్నాయన నవ్వు ఆపుకోలేక మైకు పక్కన పెట్టాడు. నలుగురు వచ్చి బండిని పక్కకు తోశారు. నేను లోపలే కూర్చొని స్టీరింగు పట్టుకొని ఉన్నాను. దిగితే అంతా నిజమైపోతుందని భయం. ఏడుపు వస్తూ ఉంది, కానీ ఇరవై మూడేళ్ళవాడు అంతమంది ముందు ఏడవలేడు.

మీసాల సారు గడియారం జేబులో వేసుకుంటూ వచ్చాడు. కిటికీ మీద చెయ్యి పెట్టి వంగి, మెల్లగా అడిగాడు. "పైన వరకు చాలా బాగా వచ్చినావప్పా. ఈ దినం కొత్తోళ్ళలో అంత బాగా ఎవరూ తిప్పలేదు. ఏమయింది? ఇంజన్ తానుగా నిలిచిపోయిందా?"

ఆ ప్రశ్నలో ఒక తలుపు తెరిచి పెట్టాడని అర్థమైంది నాకు. కిటికీ అవతల మామ కూడా అవునను అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. "అవును సార్. తానుగానే నిలిచిపోయింది," అన్నాను.

"అట్లయితే అది బండి తప్పు, నీది కాదు. బండి తప్పయితే ఇంకోసారి పోవచ్చు, రూలు ఉండాది. మా ఫియట్ ఇస్తాను. పోతావా?"

పోతాననడానికి నేను నోరు తెరిచాను. వెనుకనుంచి ఒక గొంతు వినిపించింది. "తానుగా నిల్చలేదు సార్. వాడే నిలిపినాడు."

నాయన. చంకలో సంత సంచి, చేతిలో గొడుగు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి పట్టిన పంచె. పోచంపల్లిలో బేరాల మధ్య ఉండాల్సిన మనిషి హోసూరులో తుంపరలో నిలబడి, ముఖమంతా నవ్వుతో ఉన్నాడు. "మిట్ట మీద తాళం తిప్పినాడు సార్, నేను చూసినాను. ఇంతమంది తోలినారే, ఒక్కరికన్నా తోచిందా? అందరూ దిగుడులో కూడా పెట్రోలు తగలబెట్టుకొని పోయినారు. వీనికి నేను నేర్పినాను. అయిదేండ్లుగా నేర్పినాను."

సారు నాయనను చూశాడు, నన్ను చూశాడు. మీసం వెనుక నవ్వు కదిలింది గానీ, అది ఎక్కువసేపు నిలవలేదు. "నిజమా?" అని నన్ను అడిగాడు. కాదంటే నాయన అబద్ధాలకోరు అవుతాడు. తల వంచుకొని, "నిజమే సార్," అన్నాను. ఆయన కిటికీ మీదినుంచి చెయ్యి తీసేశాడు. "దిగుడులో ఇంజన్ ఆపేవాణ్ణి నేను ట్రాక్ మీద పెట్టుకోలేనప్పా. ఎవరి ప్రాణమో పోతుంది. పైగా అడిగితే నిజం కూడా చెప్పలేదు," అని, నాయనకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

మామ హోసూరులోనే ఎవరినో చూసి వస్తానని తప్పించుకున్నాడు. తిరుగు దారిలో నేనూ నాయనే. శూలగిరి దాటాం. సంత మానుకొని ఎలా వచ్చావని నేను అడిగితే, "పందెంలో తోలుతా ఉండావని మామ చెప్పినాడు, చూడాలనిపించింది," అన్నాడు. అబద్ధం చెప్పినందుకు ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. పెద్ద దిగుడు వచ్చింది. ఆయన తొడ చరచలేదు, నేను తాళం తిప్పలేదు. ఇంజన్ మోతతోనే దిగాం. ఆ ఒక్క రోజే అట్లా. మరుసటి వారం సంతకు మళ్ళీ మామూలే.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆయన ఆ కథను మండీకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. సామల్పట్టినుంచి వచ్చే కొనుగోలుదారులకు, లారీ క్లీనర్లకు, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళకు కూడా. "బెంగుళూరోళ్ళు అంతమంది ఉండారు, తెలివి మావానికి ఒక్కనికే," అని మొదలుపెట్టేవాడు. పక్కనే నేను తక్కెడలో చింతపండు వేస్తూ వినేవాణ్ణి. మొదటి రెండేళ్ళు ఆ కథ వినబడగానే లేచి గోదాములోకి పోయేవాణ్ణి. తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, లేచి పోవడం మానేశాను. పాపం, ఆయనకు తెలియదు, తన గొప్పలతోనే నా బతుకు ముంచాడని తెలియకుండానే పోనీ, అనుకునేవాణ్ణి. ఆయన మీద నాకు ఒక రకమైన జాలి ఉండేది. నిజం చెప్పకుండా ఆయన్ని కాపాడుతున్నానని కొంచెం గర్వం కూడా. లోపల ఇంత పుండు పెట్టుకొని పైకి ఎంత మంచివాణ్ణోనని నన్ను నేనే మెచ్చుకున్న రోజులు ఉన్నాయి.

ఆ ఎనిమిదో ఏడు ఆయనకు ఆయాసం ముదిరింది. చింతపండు దుమ్ము ముప్పై అయిదేళ్ళు పీల్చిన ఊపిరితిత్తులు మరి. సంతకు పోలేక ఇంట్లోనే వాలుకుర్చీలో కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం నేను భోజనానికి పోతే, అమ్మ వంటింట్లో ఉంది, పలకరించడానికి వచ్చిన ఒక వ్యాపారి అప్పుడే లేచి పోతున్నాడు. ఆయన నవ్వుతూ పోవడం చూసి, మళ్ళీ ఆ కథే అయి ఉంటుందనుకున్నాను. నాయన మాత్రం నవ్వడం లేదు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ హోసూరు సంగతి," అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి పట్టుకోవాల్సి వచ్చింది. "మామ నాకు ముందురోజే అంతా చెప్పినాడు. పందెమొక్కటే కాదు. ఆ మీసాలాయన, ఉద్యోగం, అంతా."

నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాకు బండి తోలేకి రాదు. నువ్వు పోతే నన్ను సంతకు ఎవురు తీసుకొని పోతారు? అంగడి ఎవురికి? రాత్రంతా అదే. పొద్దున లారీ ఎక్కినాను, మనసు నిల్చలేదు, దిగేసినాను. నువ్వు ఎట్లా తోలుతావో చూసి, నిన్ను పట్టుకొని ఇంటికి పిలుచుకొని పోదామని వచ్చినాను. నువ్వు బాగా తోల్తా ఉండావు. బండి నిలిచిపోయినప్పుడు దేవుడు నా పక్కన ఉండాడనుకున్నాను. మళ్ళా ఆ మీసాలాయన ఇంకోసారి పొమ్మన్నాడు." పంచె అంచు సర్దుకున్నాడు. "నేను గొప్ప చెప్పుకోలేదురా ఆ పొద్దు. తెలిసే చెప్పినాను."

ఎనిమిదేళ్ళుగా అమాయకుడని నేను జాలిపడిన మనిషి ఆయన. ఆ ఎనిమిదేళ్ళుగా ఆ కథను ఊరందరికీ చెప్పడం గొప్పకోసం కాదు, నా ముందు మళ్ళీ మళ్ళీ అమాయకుడు కావడానికే. కోపం వచ్చింది నాకు. రాలేదని రాస్తే ఇక్కడిదాకా రాసిందంతా అబద్ధమవుతుంది. మాడు పగిలేంత కోపం వచ్చింది. నీలం చొక్కా, తొమ్మిది జెండాలు, ఆ ఫియట్, ఇరవై మూడేళ్ళ ఆ పిచ్చివాడు, అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎదురుగా వాలుకుర్చీలో ఎముకల గూడులాంటి మనిషి నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు.

"కోపమా?" అని అడిగాడు.

"లేదు నాయనా. అప్పుడే తెలుసు నాకు," అన్నాను. తెలియదు. ఈ రోజు ఆ మాట తలుచుకుంటే, పందెంలో సారుకు చెప్పిన అబద్ధాన్ని నిలబెట్టుకోలేకపోయిన ఆ కుర్రాడు, నాయనకు ఇంత నున్నగా ఎట్లా చెప్పగలిగాడా అని నాకే నవ్వు వస్తుంది. ఆయన నా ముఖంలో ఏం చూశాడో గానీ, తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. నేను చేతులు కడుక్కొని అన్నం తిని మండీకి పోయాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలోనే ఎదురొచ్చి గొంతు తగ్గించి చెప్పింది, "మెల్లగా రాప్పా. ఎన్నాళ్ళకో ఈ పొద్దు మీ నాయన నిద్రపోయినాడు."